షోకేసు బొమ్మలు, పోలీస్ యాక్షన్

ఒక చెయ్యి విరిగిన నిర్మల్ బొమ్మకి రెండో చెయ్యి కూడా కోసేసేవాణ్ణి ఏమనాలి? నన్ను చాలానే అన్నారు. కళంటే గౌరవం లేనివాడు అన్నారు. యాభై దాటాక ఈ పిల్లాటలేంటి అన్నారు. దిగుమతి పావులతో ఇలాంటి ఆటే ఆడే హైదరాబాద్ కుర్రాళ్ళు నా బల్ల చూసి "స్కేలు కుదర్లేదు సార్" అన్నారు. ఇక ఒక కవి మిత్రుడు, చాలా నెమ్మదైన మనిషి, చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ, యుద్ధాన్ని ఆటగా ఆడటం హింసని ముద్దు చెయ్యడమే అన్నాడు. ఈ నాలుగు మాటలకీ జవాబు చెప్పాలి. మొదటి మూడూ తప్పు. నాలుగోది తప్పు కాదు గానీ, ఆయన చెప్పాల్సింది నాకు కాదు.

నేను చేసే పని ఇది. జహీరాబాద్‌లో పాత సామాన్లు కొనే కొట్ల దగ్గర, ఇల్లు మారేవాళ్ళు గేటు బయట వదిలేసిన అట్టపెట్టెల్లో, ఒకప్పుడు షోకేసుల్లో వెలిగిన బొమ్మలు దొరుకుతాయి. ప్లాస్టిక్‌వి కిలో లెక్కన ఇస్తారు. చెక్కవైతే "తీస్కపోండి సార్, ఇరిగినయి ఎవరు కొంటరు" అంటారు. వాటిని తెచ్చి, కోసి, అతికి, రంగేసి, బల్లమీద ఆడే యుద్ధపు ఆటకి పావులుగా మారుస్తాను. ఇది చదరంగంలా గడి నుంచి గడికి ఆడేది కాదు. బట్టలు కొలిచే టేపుతో దూరం కొలిచి పావుని జరపాలి. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెప్తాయి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన వేస్తే అదే నేల. దానిమీద రోడ్డు, వాగు, గుట్ట, ఇళ్ళు. ఒక విడతలో టాంకు పద్దెనిమిది అంగుళాలు పోతే నడిచే మనిషి ఆరంగుళాలు పోతాడు. మిగతాదంతా నియమాల పుస్తకం, వాదన, చాయ్.

ముందు కళ సంగతి.

తెలుగులో బొమ్మ అనేదానికి మనకి తెలిసిన పనులు మూడు. పిల్ల చంకలో పెట్టుకు తిరగడం, పండక్కి కొలువులో పేర్చడం, తెర వెనక నుంచి ఆడించడం. మూడింటికీ మనిషి చెయ్యి తగలాలి. తర్వాత ఎప్పుడో ముందుగదిలోకి అద్దాల బీరువా వచ్చింది. టీవీ మధ్యలో, చుట్టూ అరలు, అరల్లో బొమ్మలు, తాళంచెవి అమ్మ దగ్గర. పెళ్ళికొచ్చిన బహుమతి మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా లోపల పెట్టేవాళ్ళం. చుట్టం పిల్లాడు అద్దం మీద వేలు పెడితే వాడి తల్లి వాడి చేతిమీద ఒక్కటేసేది. ఇరవయ్యేళ్ళు అలా నిలబడి, ఇల్లు సర్దేటప్పుడు చెయ్యి విరిగి, ఆ బొమ్మ తుక్కులోకి పోయింది. ఆ ఇరవయ్యేళ్ళలో అది చేసిన పని దుమ్ము పట్టడం. కళని గౌరవించడం అంటే ఇదేనా? దాన్ని తుక్కులోంచి తీసి, విరిగిన చేతికి కొత్త చెయ్యి పెట్టి, నలుగురు మనుషులు నెలకోసారి పట్టుకుని జరిపేలా చేస్తే అది అగౌరవమా?

పనివాడి పొట్ట కొడుతున్నావు అని కూడా అంటారు. కొట్టడం లేదు. కొత్త బొమ్మ మీద, నిండుగా ఉన్న బొమ్మ మీద నేను బ్లేడు పెట్టను. నేను కోసేదానికి రావాల్సిన డబ్బు ఆ చేతిపనివాడికి ఎప్పుడో వచ్చేసింది. బిద్రీ సామాను జోలికి అసలు పోను. బీదర్ మాకు పక్కూరు లాంటిది, ఇక్కడి పాత ఇళ్ళలో నల్లటి హుక్కా కుండలు, అత్తరు బుడ్లు ఇంకా కనిపిస్తాయి. జింకూ రాగీ కలిపి పోసిన లోహంలో వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచిన వస్తువుని హెచ్చు బ్లేడుతో కోసేవాడు నిజంగానే మూర్ఖుడు. ఇంకో మాట. మనం పెళ్ళికి ఇవ్వడానికి పదేళ్ళకి ఒక బొమ్మ కొంటాం. ఈ ఆట ఆడేవాడికి ఒకేసారి నలభై కావాలి. నిర్మల్‌లో, కొండపల్లిలో ఎవరైనా అరచేతిలో పట్టే మనుషుల్ని డజన్ల లెక్కన చెక్కి ఇస్తే కొనేవాళ్ళున్నారు. ఎంపోరియంలో అద్దం వెనక పెట్టి, దీపం వేసి, "ముట్టుకోరాదు" అని రాసినంతకాలం ఆ బేరం కుదరదు. నిర్మల్ ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులు పోసి ఇచ్చిన ఊరు కూడా. ఆ ఊరి బొమ్మ యుద్ధపు ఆటలోకి రావడంలో నాకేమీ అపచారం కనబడదు.

పని గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే నన్ను తిట్టినవాళ్ళు ఎవరూ దాని గురించి అడగలేదు.

పొణికి కర్ర మెత్తన. పైన రంగు గట్టి పెచ్చులా ఉంటుంది. దాన్ని దాటితే తెల్లటి కర్ర మామూలు బ్లేడుకి కూడా తెగుతుంది. తేలిక కాబట్టి ఫ్యాను గాలికే పడిపోతుంది, అడుగున ఇనుప వాషరు అంటించాలి. అతకడానికి కొండపల్లి వాళ్ళ పద్ధతే మేలు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు. ఆరితే కర్రతో కలిసిపోతుంది, సానకాగితానికి లొంగుతుంది. ప్లాస్టిక్‌కి, రెసిన్‌కి ఎం-సీల్ వాడతాను. విదేశాల్లో ఈ పనికోసం ఆకుపచ్చ పుట్టీ ఒకటి అమ్ముతారు. ప్లంబరు కొట్లో దొరికే ఎం-సీల్‌కి దానంత సాగుడు లేదు, గబగబా గట్టిపడుతుంది, కాబట్టి వేళ్ళు తడుపుకుంటూ చిన్న ఉండలు చేసుకోవాలి. పాలీరెసిన్ బొమ్మలతో జాగ్రత్త. రాధాకృష్ణులు, లాఫింగ్ బుద్ధుడు ఎక్కువగా అందులోనే వస్తాయి. కోస్తే సుద్దపొడి లేస్తుంది. తడిపి కొయ్యాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి. పింగాణీ జోలికి పోవద్దు, అది కోసినచోట తెగదు, దానికి ఇష్టమైనచోట పగులుతుంది.

రంగు మెరవకూడదు. షోకేసు బొమ్మ మెరుపు బల్లమీద పనికిరాదు, ట్యూబులైటు కింద అన్నీ తడిసినట్టు కనిపిస్తాయి. రంగులో చిటికెడు టాల్కం పౌడరు కలిపితే మెరుపు చస్తుంది. అడుగున ఫెవికాల్ పూసి మా ఊరి ఎర్రమట్టి జల్లుతాను. జల్లెడ పట్టిన మట్టి ఎంత బాగుంటుందంటే, ఆ ఎరుపు ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకదు.

లైటు వెలగని ప్లాస్టిక్ తాజ్‌మహల్ ఉంది చూడండి, ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. మీనార్లు తీసేసి, మధ్య గుమ్మటం ఒక్కటి కోసి, సున్నం రంగేస్తే రోడ్డు పక్క దర్గా అవుతుంది. మీనార్లు పొడవు తగ్గిస్తే మైలురాళ్ళు. రిటైరైన సిపాయి ఇంటి నుంచి వచ్చిన చెక్కపీట మీది టాంకు జ్ఞాపిక టీ-72 లాంటిది, బల్లపరుపు. నాకు కావాల్సింది షెర్మన్, ఎత్తుగా ఉండాలి. ఒంటికింద ప్లై ముక్క పెట్టి లేపి, పైన సిరప్పు సీసా మూత చుట్టూ ఎం-సీల్ తాపడం చేసి, ఫిరంగి గొట్టానికి బాల్‌పెన్ రీఫిల్ పెట్టాను. చక్రాల పట్టీ మీద దువ్వెన పళ్ళతో నొక్కితే గాట్లు పడతాయి.

మనుషుల దగ్గర మాత్రం సామానే నాకు పాఠం చెప్పింది. క్రికెట్ టోర్నమెంట్ల కప్పులు పాతసామాన్లలో కుప్పలుగా ఉంటాయి. కప్పు మీద బంగారు రంగు బ్యాట్స్‌మన్. బ్యాటు కోసి తుపాకీ పెట్టి, టోపీ మీద ఇనుప హెల్మెట్ అచ్చు వేస్తే సిపాయి తయారు. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినవి కాబట్టి పదిమందీ ఒకేలా నిలబడతారు, కవాతు నేర్చిన సైన్యంలా. అదే చెక్కబొమ్మల్లో డోలు వాయించేవాడి డోలు ఊడదీస్తే రెండు చేతులూ నడుం ముందు ఖాళీగా మిగులుతాయి. అక్కడ రీఫిల్ గొట్టం పెట్టండి. భర్మార్ పట్టుకున్న మనిషి. ఇంకొకడి ఎత్తు వేరు, నిలబడే తీరు వేరు, ఎందుకంటే చేత్తో చెక్కినవి. యూనిఫాం లేని దళం. ఇది నేను ఊహించి చేసింది కాదు. తుక్కులో అలా దొరికింది.

స్కేలు అడిగిన కుర్రాళ్ళకి జవాబు చేర్యాల పటం. దేవుడు పెద్దగా, బంటు చిన్నగా, ఏనుగు ఆ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటుంది. కథ చెప్పేవాణ్ణి ఆపి కొలతలు అడిగినవాడు లేడు. పావులు అడుగు నుంచి కంటి దాకా దాదాపు ఒకే ఎత్తు ఉంటే చాలు, ఆట నడుస్తుంది.

పిల్లాట అన్నవాళ్ళకి చరిత్ర కొద్దిగా. ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుకి ఒక బల్ల చేసి చూపించాడు. కొండలూ నదులూ ఉన్న పలకలు పేర్చి దానిమీద యుద్ధం ఆడొచ్చు. ఆయన కొడుకు 1824లో దాన్ని సైనికాధికారుల శిక్షణకి పనికొచ్చేలా మార్చాడు. అది సైన్యం ఆట. ఇళ్ళలోకి దాన్ని తెచ్చినవాడు హెచ్.జి. వెల్స్, 1913లో 'లిటిల్ వార్స్' పుస్తకంతో. అప్పటికి ఆయన నలభై దాటినవాడు, పేరున్న రచయిత. నేలమీద పిల్లల చెక్కదిమ్మలు ఇళ్ళు, తోటలో విరిచిన రెమ్మలు చెట్లు, బ్రిటన్స్ కంపెనీ సీసం సిపాయిలు సైన్యం, స్ప్రింగు బొమ్మ ఫిరంగి ఆయుధం. అంతా పిల్లల గదిలోంచి ఎత్తుకొచ్చిన సామానే. ఇంత చిన్న ఆటే ఇంత గందరగోళమైతే అసలు యుద్ధం ఎంత పిచ్చిపనో చూడండి అని ఆ పుస్తకం చివర ఆయనే రాశాడు. మరుసటేడు ఐరోపా తగలబడింది.

తర్వాతి కథా అంతే. 1970ల్లో అమెరికాలో గ్యారీ గైగాక్స్ హాంకాంగ్ నుంచి వచ్చిన చవక ప్లాస్టిక్ జంతువుల సంచీ కొని, ఏ జంతువో పోల్చుకోలేని ఆ వికారపు బొమ్మల్నే తన ఆటలో రాక్షసులుగా పెట్టాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో గుడ్లగూబ తల ఉన్న ఎలుగుబంటి, ఇనుముని తుప్పు పట్టించే పురుగు ఆ సంచీలోంచి పుట్టినవే. 1980ల చివర్లో ఇంగ్లండ్‌లో వార్‌హామర్ ఆట పత్రిక వాడేసిన డియోడరెంట్ డబ్బాతో టాంకు చెయ్యడం నేర్పింది. ఇవాళ అదే కంపెనీ తన దుకాణాల బల్లలమీద తన పావులు తప్ప వేరేవి పెట్టనివ్వదు. డబ్బాతో మొదలైన ఆట పెట్టె కొంటే తప్ప ఆడలేని ఆటైంది. ఆ పెట్టె మనదాకా వచ్చేసరికి వేలల్లో ఉంటుంది. మన ప్రభుత్వమేమో బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. దేశీయ బొమ్మలకి మేలు జరగాలట. మంచిదే. కానీ దేశీయ బొమ్మని అద్దంలోంచి బయటికి తియ్యకుండా సుంకం ఎంత పెంచితే ఏం లాభం?

అయితే నా అసలు గొడవ ధరతో కాదు.

దిగుమతి పెట్టె తెరవండి. పదిమంది ఉంటే పదిమందీ సిపాయిలే. రెండు సైన్యాలు కొని బల్లమీద పెడితే యుద్ధం అంటే సైన్యానికీ సైన్యానికీ మధ్య, ఖాళీ మైదానంలో జరిగే వ్యవహారం అవుతుంది. ఇళ్ళుంటాయి, చాటుకి. వాటిలో మనుషులుండరు. వెతికితే మామూలు జనం పావులు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు గానీ, ఆ బల్లలమీద వాళ్ళు అలంకారం.

ఇప్పుడు నా అట్టపెట్టె తెరవండి. కుమ్మరి, నేతగాడు, తలమీద కుండతో ఆడమనిషి, తాటిచెట్టుతో సహా గీతకార్మికుడు, బండి తోలే రైతు, పెళ్ళి పల్లకీ, డోలు, సన్నాయి, దశావతారాలు. సిపాయి ఒక్కడు లేడు. మన షోకేసుల్లో కూర్చున్నది ఊరు. ఎవరికైనా మొదట తట్టేది వీళ్ళందరికీ తుపాకులు తగిలించడమే. డోలు వాయించేవాళ్ళకి, ఇంకో పదిమందికి తగిలించాను. మిగతావాళ్ళని చెయ్యి అతికించి, వాషరు అంటించి, ఊరుగానే వదిలేశాను. దాంతో ఆట మారిపోయింది. సైన్యం రాకముందే బల్లమీద జనం ఉన్నారు. అలంకారంగా చేసిన బొమ్మలు ఇక్కడ ఆటకే కేంద్రం. దిగుమతి పెట్టెతో ఎంత డబ్బు పెట్టినా ఈ ఆట రాదు.

అందుకే మేం ఆడేది నెపోలియన్‌ని కాదు, 1948ని. మా ఊళ్ళో జరిగినదాన్ని.

ఆ సెప్టెంబర్ 13న భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. మేజర్ జనరల్ చౌధురి, ఆయన వెనక షెర్మన్, స్టూవర్ట్ టాంకులున్న సాయుధ డివిజన్. దానికి పెట్టిన పేరు పోలీస్ యాక్షన్. టాంకులతో వచ్చిన పోలీసుల్ని ప్రపంచంలో ఇంకెవరు చూశారో తెలీదు. 16 తెల్లవారుజామున లెఫ్టినెంట్ కల్నల్ రామ్‌సింగ్ దళం జహీరాబాద్ వైపు కదిలింది. దారిలో మందుపాతరలు. వాటిని తీసుకుంటూ రావాల్సొచ్చింది. బీదర్ రోడ్డు పెద్దరోడ్డులో కలిసేచోట మాటేసినవాళ్ళు కాల్చారు. కొన్ని దళాల్ని అక్కడే వదిలి మిగతా సైన్యం ముందుకి సాగి, చీకటి పడేసరికి జహీరాబాద్ దాటి పదిహేను కిలోమీటర్లు పోయింది. ఊళ్ళ మధ్య రజాకార్లు అడ్డం పడితే 75 మిల్లీమీటర్ల ఫిరంగులు తెచ్చారు. 17 సాయంత్రం కాల్పులు ఆగాయి. 18న ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు.

సైనిక చరిత్రలు ఇక్కడ ఆగుతాయి. నేను చదివిన కథల్లో, నవలల్లో కూడా చాలావాటికి సైన్యం రావడమే ముగింపు. ప్రతి సెప్టెంబర్ 17కీ ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విద్రోహం అంటారు. ప్రభుత్వాలు సమైక్యత అనీ, ప్రజాపాలన అనీ కొత్త పేర్లు తెచ్చాయి. ఎవరి షోకేసు వాళ్ళది. లోపల ఒకటే బొమ్మ, ముట్టుకోనివ్వరు.

మా తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోది. ఆ జిల్లాలోనే, గోర్టలో, 1948 మే నెలలో రజాకార్లు ఊరిమీద పడి జనాన్ని చంపారు. ఆ సెప్టెంబర్ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఎక్కువ నష్టపోయిన జిల్లాలుగా చెప్పిన నాలుగింట్లోనూ బీదర్ ఉంది. మిగతావి ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్. సంస్థానం మొత్తంమీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. చనిపోయినవాళ్ళలో అత్యధికులు ముస్లింలు. మూకలతో పాటు కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ కూడా అందులో పాలుపంచుకున్నారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే ఉంది.

కాబట్టి మా ఆటలో ఆటగాళ్ళు ఇద్దరు కాదు, ముగ్గురు. భారత సైన్యం ఆడేవాడు చీకటిపడేలోగా టాంకుల్ని తూర్పు అంచు దాటించాలి. అతను ఓడిపోయే అవకాశం దాదాపు లేదు, చరిత్రలోనూ లేదు. రజాకార్లు ఆడేవాడు ఎన్ని విడతలు ఆపగలిగాడన్నదే అతని లెక్క. మందుపాతరలు అష్టాచెమ్మా చింతగింజలు. ఒకవైపు అరగదీసి తెల్లచేసినవి. టాంకు దగ్గరికొస్తే గింజ ఎగరెయ్యాలి, తెలుపు పడితే పేలినట్టు. మూడో ఆటగాడు ఊరు. నలభై చెక్కబొమ్మలు, ఆయుధాలు లేవు. మొదటి ఎత్తు ఊరిదే. ఆట చివరికి ఎందరు మిగిలారన్నదే అతని గెలుపు.

రజాకార్లు లొంగినా ఆట అయిపోదు. ఇంకో మూడు విడతలు ఉంటాయి. అప్పుడు ఊరి బొమ్మల్ని తిరగేస్తాం. వాషరు అడుగున చుక్క ఉంటుంది, కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు. పైన మాత్రం ఏ బొమ్మకీ టోపీ గానీ బొట్టు గానీ పెట్టలేదు, చివరిదాకా ఎవరెవరో ఆడేవాళ్ళకి తెలియకూడదని. ఆ మూడు విడతల్లో సైన్యం ఆడేవాడు తేల్చుకోవాలి, రెండు జట్లని ఊళ్ళో కాపలా వదలాలా, హైదరాబాద్ వైపు తోలాలా అని. వదిలితే అతని గెలుపు లెక్క తగ్గుతుంది. ఇంతవరకూ ఆడినవాళ్ళలో ఎక్కువమంది వదల్లేదు. వాళ్ళంతా మంచివాళ్ళే, మామూలప్పుడు చీమని కూడా చూసి అడుగేసేవాళ్ళు.

సుందర్‌లాల్ నివేదికలో ఒకచోట, ముస్లిం నేతగాళ్ళని హిందూ సాలెవాళ్ళు కాపాడారనీ, అందుకు కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారనీ ఉంది. నా దగ్గర మగ్గం ముందు కూర్చున్న నిర్మల్ నేతగాళ్ళు ఐదుగురున్నారు. నియమం ఏమిటంటే, ఇద్దరు నేతగాళ్ళు ఆనుకుని ఉంటే ఒకణ్ణి ఒంటరిగా బల్లమీంచి తియ్యడానికి లేదు. తీస్తే ఇద్దర్నీ తియ్యాలి. ఊరు ఆడేవాడు మొదటి ఎత్తు నుంచే నేతగాళ్ళని ఒకచోటికి చేరుస్తాడు. ఆ ఇద్దర్నీ తియ్యాల్సి వచ్చినప్పుడు, రెండు సెంటీమీటర్ల వాషరు మీది కర్రముక్కని తియ్యడానికి మనిషి చెయ్యి ఎంతసేపు ఆగుతుందో కవి మిత్రుడు వచ్చి చూడాలి. ఆయన అన్నమాట నిజం, హింసని ముద్దు చెయ్యొచ్చు. దాన్ని ముద్దు చేసేది ఊరు లేని బల్ల, జనం లేని పెట్టె, సెప్టెంబర్ 18తో ముగిసే పుస్తకం. ఆయన అక్కడికెళ్ళి చెప్పాలి.

ఇవి చనిపోయినవాళ్ళ కుటుంబాలు ఇంకా ఉన్న ఊళ్ళే, దీన్ని బల్లమీద పెట్టడానికి నువ్వెవరివి అని కూడా అడగొచ్చు. అడగాలి. అందుకే 27 వేలూ 40 వేలూ అనే లెక్క బల్లమీదికి తీసుకురాలేదు, మా ఊరి లెక్కగా దాన్ని చూపించలేదు. ఏ పావుకీ నిజమనిషి పేరు లేదు. ఫొటోలు తియ్యం. గెలిచినవాడు కేకలెయ్యకూడదన్నది రాయని నియమం. ఒకసారి ఒకాయన ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి నెల మళ్ళీ వచ్చి, ఊరు తనకి ఇమ్మన్నాడు. పులి-మేక ఆడిన నేల మనది. మూడు పులులు, పదిహేను మేకలు, బలాలు సమానం కానివాళ్ళ ఆట. గుళ్ళ అరుగులమీద చెక్కుకుని మరీ ఆడారు. మేకలవైపు కూర్చుని ఆలోచించడం మనకి కొత్తేమీ కాదు.

ప్రస్తుతం బల్లమీద కొరత ఎడ్లబండ్లకి. మొదటి ఎత్తుకే ఊరు కదలాలంటే బండి కావాలి. ముసలివాళ్ళు, పిల్లలు ఆరంగుళాలు నడవలేరు. చెక్కబండి బొమ్మలు చాలా ఇళ్ళల్లో ఉండేవి, చక్రం ఒకటి ఊడగానే పారేస్తారు. నాకు ఊడినవే కావాలి, చక్రాలు నేను చేసుకుంటాను. ఎద్దు ఒక్కటే మిగిలినా ఫర్వాలేదు. తాజ్‌మహళ్ళు మాత్రం ఇంక వద్దు, పదకొండు ఉన్నాయి.